కాదని చెప్పే పని

జూలై నాలుగు, శుక్రవారం
సాయంత్రం, వరండాలో

చిరంజీవి అయిన నా కూతురికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. నువ్వూ కులాసాయేనని రోజూ ఫోన్‌లో నీ కూతురితో చెబుతుంటే పక్క గదిలోంచి వింటూనే ఉన్నాను కాబట్టి, నీ క్షేమం తెలుపమని అడిగి కాగితం వృథా చేయను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోన్‌లో మనిద్దరం మాట్లాడుకుంటే రెండో మాటకే గొంతులు లేస్తున్నాయి. కాగితం మీద ఎవరి గొంతూ లేవదు. పైగా నేను చెప్పేది పూర్తయ్యేదాకా నువ్వు అడ్డు రాలేవు. ఈ సుఖం నాకు నీ చిన్నప్పటి నుంచీ దక్కలేదు.

ముందు ఇంటి సంగతులు, తర్వాత మనసులో సంగతులు. ఆసుపత్రి స్టోర్స్‌లో పనిచేసినన్నాళ్లూ నా పద్ధతి అదే: ముందు సరుకు, తర్వాత వ్యాఖ్య.

మీ ఆయన ప్రెస్సుకు వెళ్లేలోపు వంట తనే చేస్తున్నారు. రుచికి వంక పెట్టను. కానీ ఏ గిన్నెకు ఏ మూతో ఆయనకు పట్టదు. వంటగదిలో మూతలన్నీ సంబంధాలు మార్చుకున్నాయి. నీ కూతురికి, అదే మన ఉడతకు, ముందు పన్ను ఊడింది. ఊడిన పన్ను కూడా జేబులోనే పెట్టుకుని తిరుగుతోంది. దారిలో కనబడ్డ బొత్తాం, రాయి, ఈక ఏదీ వదలదు కనుకనే కదా దానికి ఉడత అని పేరు పెట్టాను. ఇప్పుడు సొంత శరీరంలోంచి కూడా సరుకు చేరుతోంది.

నువ్వు ఆ ఊళ్లో కొత్త ఆఫీసులో చేరిన రోజు అందరూ కలిసి దిగిన ఫోటో మీ ఆయన ఫోన్‌కి వచ్చిందట. చూపించబోయారు. కళ్లజోడు దగ్గర లేదన్నాను. కళ్లజోడు నా ముక్కు మీదే ఉంది. ఆయన మర్యాదస్తుడు, ఫోన్ జేబులో పెట్టుకున్నారు.

ఇంకో సంగతి. నా గొడుగు పోయింది. నువ్వు బయల్దేరిన మర్నాడు ఉడతను నేను మొదటిసారి బడికి దింపాను. అప్పటినుంచీ కనబడటం లేదు. ఆ రోజు మబ్బుగా ఉంది. మబ్బుగా ఉంటే నేను గొడుగు లేకుండా గడప దాటను. కాబట్టి గొడుగు తీసుకెళ్లాను, కాబట్టి బళ్లోనే మరిచిపోయాను. లెక్క సరిపోయింది, గొడుగే దొరకాలి. నీకు తెలుసుగా ఆ గొడుగు: నల్లది, వంకీ చెక్క పిడి. ఒక పుల్ల కొసన గుడ్డ ఊడిపోతే నల్ల దారం చేతికి అందక నీలం దారంతో కుట్టేశాను. అది నీ చేత్తో పట్టుకుంటే నీ తలే కనబడేది కాదు, అంత పిల్లవి అప్పుడు.

ఇక మనసులో సంగతులు.

నువ్వు వెళ్లేముందు రోజు మనం అనుకున్న మాటలు నేను మరిచిపోలేదు. పిల్లలు కూడా నాకు అరల్లో సర్దుకునే సామాన్లేనని నువ్వన్నావు. పిల్లల్ని ఆడించడానికి జీతం తీసుకుంటున్నావని నేనన్నాను. మర్నాడు నువ్వు పెట్టె పట్టుకుని వెళ్తుంటే నేను మంచినీళ్ల బిందె కడుగుతూ వెనక్కి తిరగలేదు. ఆ బిందె అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

నీ వాదం నాకు అర్థం కాకపోలేదు. ఈ పిల్లలు పెద్దయ్యేసరికి ఏ ఉద్యోగాలుంటాయో ఎవరికీ తెలియదు. అందుకని ఏ పనిలోనైనా అక్కరకొచ్చేవి, అంటే అడగడం, వినడం, నలుగురితో కలిసి ఒక పని మోయడం, ఒకటో తరగతి నుంచే నేర్పాలంటావు. దానికోసం పాఠ్యప్రణాళికలో 'పని పీరియడ్' అని ఒకటి పెట్టించావు. నా వాదం కూడా విను. ఎక్కాలు రానివాడు ఎంత బాగా అడిగితే మాత్రం ఏం లాభం? ఉడతకు ఏడో ఎక్కం మధ్యలో మెట్టు విరిగినట్టు ఆగిపోతుంది. రోజుకో పీరియడ్ ఈ పని పేరు మీద పోతుంటే ఆ మెట్టు ఎవరు బాగుచేస్తారు?

నీకు వెనకనుంచి తెలియడం నాకిష్టం లేదు కనుక నేనే చెబుతున్నాను. పని పీరియడ్ తీసేసి ఆ సమయం లెక్కలకు ఇవ్వాలని హెడ్‌మిస్ట్రెస్‌గారికి అర్జీ రాశాను. ఉడత తరగతి పిల్లల ఇళ్లకు వెళ్లి సంతకాలు కూడా చేయించాను. నెలాఖరు శనివారం పెద్దవాళ్ల సమావేశం. ఈ బడిలో ఒప్పుకుంటేనే నీ పీరియడ్ మిగతా బళ్లకు వెళ్తుందనీ, కాదంటే అక్కడికక్కడే అటకెక్కుతుందనీ నాకు తెలుసు. నీ కష్టం ఎంతో కూడా తెలుసు. తెలిసే రాశాను.

ఇట్లు,
నీ మంచి కోరే
అమ్మ

తా.క. నీ గది కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటోంది. గడియ బిగింపించాను. నువ్వొచ్చేసరికి గదిలో దుమ్ము ఉండదు.


జూలై పద్దెనిమిది, శుక్రవారం
మధ్యాహ్నం, భోజనాలయ్యాక

చిరంజీవి అయిన నా కూతురికి,

దీవెనలు. అందరం బాగున్నాం, ఒక్క నా పరువు తప్ప. దాని సంగతే ఈ ఉత్తరం.

నీ జవాబు అందింది. నేను మూడు కాగితాలు నింపితే నువ్వు ఒక్క వాక్యం రాశావు: నీ ఇష్టం అమ్మా, కానీ ఒక్కసారి లోపలికి వెళ్లి చూడు. సరే. చూడకుండా రాసిందని రేపు ఎవరూ అనకూడదు కదా. పైగా గొడుగు అక్కడే ఉంది. పని పీరియడ్‌లో ఉడత చదివే మూడో తరగతివాళ్ల పని ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు. బడి మొత్తంలో పోయినవీ దొరికినవీ చూసుకునే కౌంటర్ వాళ్లదే. అంటే నా మనవరాలు ఇప్పుడు స్టోర్స్‌లో ఉంది! ఈ మాట నాకెవరూ చెప్పలేదు. చెబితే మెత్తబడతాననుకున్నారో ఏమో.

నిన్న బడి వదిలే ముందు వెళ్లాను. మెట్ల కింద ఒక మూల. అడ్డంగా ఒక బల్ల, వెనక అరలు. 'పోయినవి - దొరికినవి' అని అట్టముక్క మీద రాసి వేలాడదీశారు. అరల నిండా ఒంటి సాక్సులు, సీసాలు, సీసాలు లేని మూతలు, స్వెట్టర్లు, నాటకంలో పెట్టుకునే అట్టమీసం ఒకటి. ఎడమకాలి బూటు కూడా ఒకటుంది. దాని యజమాని కుంటుకుంటూ ఇంటికెళ్లి ఉండాలి, అయినా అడగడానికి రాలేదట. ఇది నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

అరలు చూడగానే తప్పు పట్టాను. సీసాల పక్కన స్వెట్టరేమిటి, స్వెట్టర్ పక్కన మీసమేమిటని అడిగాను. టీచరమ్మ, పాపం చిన్నపిల్ల, మీ పెళ్లినాటికి నీకున్నంత వయసుంటుందేమో, నవ్వి పిల్లల్నే అడగమంది. వాళ్లు చెప్పింది ఇది. మొదట్లో రంగును బట్టి సర్దారట, గొడవైంది. తర్వాత చిన్నాపెద్దా చూసి సర్దారట, ఇంకా గొడవైంది. చివరికి ఏది ఎక్కడ దొరికిందో దాన్ని బట్టి సర్దారట: ఆటస్థలం అర, నీళ్ల కుళాయి అర, నాటకాల గది అర. ఎందుకూ అంటే, పోగొట్టుకున్నవాడికి తను ఎక్కడెక్కడ తిరిగాడో మాత్రమే గుర్తుంటుందట.

నేను ఎప్పుడూ వస్తువు పేరును బట్టే సర్దాను. పోగొట్టుకున్నవాడి బుర్రను బట్టి సర్దవచ్చని నాకు తట్టలేదు. ఇది మెచ్చుకోలు కాదు, నివేదిక.

పనులు పంచుకున్నారు. అడిగేవాళ్లు, వెతికేవాళ్లు, రాసేవాళ్లు. ఇంకో పని ఉంది, దానికి మాత్రం ఎవరూ ముందుకు రారట: కాదని చెప్పేవాళ్లు. వచ్చినవాళ్లు చెప్పిన గుర్తులు సరిపోకపోతే ఇవ్వలేమని చెప్పే పని. ఆ పనిలో పెడితే పిల్లలు బల్ల కిందకు దూరేవాళ్లట, లేకపోతే 'లేదు పో' అని అరిచేవాళ్లట. టీచరమ్మ కూర్చోబెట్టి నేర్పింది. ఎదుటివాళ్ల మొహం చూడాలి. కాదని స్పష్టంగా చెప్పాలి. చెప్పి ఊరుకోకుండా, ఏం చేయగలమో అది కూడా చెప్పాలి.

ఈ వారం ఆ పని మన ఉడతది. అందుకే కాబోలు ఇంట్లో సాధన మొదలైంది. పాలు తాగమంటే, 'మన్నించండి, ఇప్పుడు తాగలేను, కానీ చల్లారాక సగం తాగగలను' అంటుంది. మీ ఆయన ఫ్యాన్ వేయమంటే, 'మన్నించండి, ఇప్పుడు వేయలేను, కానీ బొమ్మకు రంగు పూర్తయ్యాక తప్పకుండా వేస్తాను' అంది. ఆయన తనే లేచి వేసుకుని, 'ఇంత మర్యాదగా నన్నెవరూ లేవగొట్టలేదు అత్తయ్యగారూ' అన్నారు.

ఇక అసలు సంగతి. నా గొడుగు పోయిందన్నాను. అడిగే పిల్ల, జడలు రెండూ ముందుకు వేసుకుని, చాలా శ్రద్ధగా అడిగింది: ఎక్కడ పోయింది, ఏ రంగు, పిడి ఎలా ఉంటుంది. చెప్పాను. వెతికే పిల్లలు అరల వెనక్కి వెళ్లారు. ఆ సందులోంచి నాకు వంకీ పిడి కనబడింది. నల్లది, చెక్కది. ప్రాణం లేచొచ్చింది. అదే, తెమ్మన్నాను.

తేలేదు. ఆ పిల్ల ఇంకో ప్రశ్న వేసింది. ఇంకే నల్లగొడుగులోనూ లేనిది మీ గొడుగులో ఏముంది అని.

ఒక పుల్ల కొసన నీలం దారంతో కుట్టు ఉంటుందని చెప్పాను. వెనక గుసగుసలు. గొడుగు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. మళ్లీ గుసగుసలు. అప్పుడు మన ఉడత వచ్చి బల్ల వెనక నిలబడింది. బల్ల ఎత్తు దానికి గడ్డం దాకా ఉంది. నా మొహంలోకి చూసింది. ఊడిన పంటి సందులోంచి గాలి పోతున్నా మాట మాత్రం స్పష్టంగా వచ్చింది.

'మన్నించండి అమ్మమ్మగారూ. ఈ గొడుగు మీకు ఇవ్వలేం. దీనికి నీలం దారం లేదు.'

నన్ను మీరు అంది. అమ్మమ్మగారూ అంది. ఆ పొద్దున దాని జడ వేసి పంపింది నేనే.

దారం ఊడిపోయి ఉంటుందన్నాను. ఊడితే సూది గుచ్చిన కన్నాలుంటాయట, అవీ లేవట. నాకు చూపించమన్నాను. చూపించరట. గుర్తులు సరిపోయాకే చూపిస్తారట. ఆ రూలు పెట్టుకున్నది కూడా పిల్లలే. మొదటి వారంలో ఒక స్వెట్టర్ చూపించగానే ఒకడు నాదేనని తొడుక్కుపోయాడట, అసలు వాడు వానలో తడిసి చలికి వణుకుతూ వచ్చాడట. ఇచ్చిన పిల్లలంతా తీసుకుపోయినవాడి ఇంటికి వెళ్లి స్వెట్టర్ వెనక్కి తెచ్చి, అసలు వాడికి క్షమాపణ చెప్పి, ఆ సాయంత్రమే రూలు రాసుకున్నారట.

నాకు కోపం వచ్చింది. దాచను. ఆసుపత్రి స్టోర్స్‌లో నా సంతకం లేకుండా దూదిపింజ కూడా గడప దాటలేదని, నాకే రూళ్లు చెబుతారా అని గట్టిగానే అన్నాను. టీచరమ్మ కంగారుపడింది. పెద్దవారు కదా, మీకు తెలియదా, తీసుకువెళ్లండి అని గొడుగు మీద చెయ్యి వేసింది. అప్పుడు ఉడత ఆవిడ వైపు తిరిగి అంది:

'టీచర్, గుర్తులు సరిపోకపోతే మా అమ్మమ్మ అయినా ఇవ్వదు.'

టీచరమ్మ చెయ్యి తీసేసింది. ఉడత నా వైపు తిరిగి తన పాఠం పూర్తి చేసింది. నీలం దారం ఉన్న గొడుగు కోసం ప్రతిరోజూ వెతుకుతాం, దొరికితే మేమే ఇంటికి తెచ్చిస్తాం అని.

ఇంటికి వస్తుంటే తుంపర పడింది. ఇద్దరికీ గొడుగు లేదు. అది తన సంచీ ఎత్తి నా తల మీద పట్టడానికి ఎగిరెగిరి నడిచింది. నా తలకు అందక నా భుజం మీదే కొడుతూ ఉంది. కౌంటర్ దగ్గర మీరు, దారిలో నువ్వు. కోపమా అమ్మమ్మా అని అడిగింది. అవునన్నాను. ఎప్పటికి తగ్గుతుంది అని అడిగింది. తెలియదన్నాను. సరే, తగ్గాక చెప్పు అంది.

ఇంటికొచ్చి తల తుడుచుకోకుండానే అర్జీ చివర ఇంకో వాక్యం చేర్చాను. పిల్లలకు పెద్దల మాట మీద నమ్మకం పోతోందని. ఉన్నది ఉన్నట్టు నీకు రాస్తున్నాను. నెలాఖరు శనివారం నేను ఏం మాట్లాడతానో నీకు తెలియాలి.

ఇట్లు,
తడిసిన
అమ్మ

తా.క. ఏడో ఎక్కం మెట్టు ఇంకా విరిగే ఉంది.


జూలై ఇరవై ఏడు, ఆదివారం
ఉదయం, కాఫీ తర్వాత

చిరంజీవి అయిన నా కూతురికి,

అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. నిన్న సమావేశం అయింది. ఫలితం ముందే చెబితే మిగతాది చదవవు. కాబట్టి వరసలోనే చెబుతాను, కింది పేజీ తిప్పి చూడకు.

సమావేశం బడి హాల్లో. కౌంటర్‌ని పిల్లలు హాలు గుమ్మం పక్కకే మోసుకొచ్చారు. వచ్చే పెద్దవాళ్లలో ఎవరైనా తమవి గుర్తుపడతారని. మన ఉడత ఇప్పుడు అడిగేవాళ్లలో ఉంది. నేను అర్జీ పట్టుకుని ముందు వరసలో కూర్చోబోతుండగా సంగీతం మాస్టారు వచ్చారు. ఆయన గొంతు పట్టేసి సెలవులో ఉండి ఆ రోజే తిరిగొచ్చారట. తిన్నగా కౌంటర్ దగ్గరకు వెళ్లి, గుసగుసలాంటి గొంతుతో, తన గొడుగు పోయిందన్నారు. నల్లది. వంకీ పిడి. చెక్కది.

నేను కూర్చోలేదు.

ఉడత ఆయన్నీ అదే అడిగింది. ఇంకే నల్లగొడుగులోనూ లేనిది మీ గొడుగులో ఏముంది అని. మాస్టారు కళ్లు మూసుకుని ఆలోచించారు. లోపలి వైపు తెల్లరంగు చుక్కలుంటాయన్నారు. గేటుకు రంగు వేస్తుంటే నిచ్చెన కింద వెల్లకిలా తెరిచి పెట్టి మరిచిపోయారట. ఇంకోటి కూడా చెప్పారు.

'తెరిస్తే కీచుమంటుందమ్మా. నా గొంతు కంటే అదే శ్రుతిలో ఉంది ఈ మధ్య.'

పిల్లలు గొడుగు తెచ్చి అందరి ముందూ తెరిచారు. కీచుమంది. లోపల తెల్లచుక్కలు, గుడ్డంతా. హాల్లో అందరూ నవ్వారు. మాస్టారు గొడుగు తీసుకుని, పిల్లలకు నమస్కారం చేసి, వెళ్లి వెనక వరసలో కూర్చున్నారు.

ఆలోచించు. ఆ రోజు నా గొంతుకు భయపడి ఆ గొడుగు ఇచ్చేసి ఉంటే? ఈపాటికి అది మన తలుపు వెనక వేలాడుతూ ఉండేది. దారం ఊడిపోయిందని నేను నమ్మేదాన్ని. తెల్లచుక్కలు ఎక్కణ్నుంచి వచ్చాయంటే దానికీ ఒక లెక్క చెప్పి సరిపెట్టేదాన్ని. నేను చెప్పిందల్లా నిజమే, గొడుగు మాత్రం పరాయిది. నా కింద పనిచేసినవాళ్లంతా తెలివైనవాళ్లే, కానీ నేను ఏదడిగినా కాదనేవాళ్లు కారు. అది క్రమశిక్షణ అనుకునేదాన్ని. బల్లకు గడ్డం ఆనించి నిలబడ్డ ఈ పిల్లలాంటిది ఒక్కతి నా పక్కన ఉండి ఉంటే స్టోర్స్ ఇంకా బాగా నడిచేదని నిన్న తోచింది.

హెడ్‌మిస్ట్రెస్‌గారు నా అర్జీ పైకి చదివారు. నేను తర్వాత చేర్చిన వాక్యం కూడా చదివారు. నా రాత కాబట్టి వ్యాకరణ దోషం లేదు, మిగతా దోషాలన్నీ ఉన్నాయి. చదవడం అయ్యాక నన్ను మాట్లాడమన్నారు. లేచాను. నేను సిద్ధం చేసుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ వాడలేదు.

'ఈ అర్జీ రాసేనాటికి నేను లోపలికి వెళ్లి చూడలేదు. ఇప్పుడు చూశాను. వెనక్కి తీసుకుంటున్నాను.'

అప్పుడు బేకరీ ఆయన లేచాడు. నీకు తెలుసు, మనింటి మలుపులో దుకాణం, మనిషి రొట్టెలాగే ఉంటాడు. నేను సంతకం చేయించిన మొదటి మనిషి ఆయనే. మీరు పెట్టమంటే పెట్టాం, ఇప్పుడు తీసేయమంటే తీసేస్తామా అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న.

నేను పెట్టమన్నప్పుడే మీరు కాదని చెప్పాల్సింది అన్నాను.

'మీకా? కాదనా?' అన్నాడాయన. హాలంతా ఘొల్లుమంది. సంగీతం మాస్టారు గొంతు లేకపోయినా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కానీ కొంగు అడ్డం పెట్టుకున్నాను.

నవ్వు తగ్గాక ఆయన కూర్చోకుండా ఇంకో మాట చెప్పాడు. తన దగ్గర పనికి చేరేవాళ్లు లెక్కలకు తడుముకున్నా పర్వాలేదట, దానికి మిషన్ ఉంది. కానీ పొయ్యిలో రొట్టె మాడితే ఎవరూ వచ్చి చెప్పరట. అడిగితే బాగుందండీ అంటారట. కొన్నవాళ్లు వెనక్కి తెచ్చి బల్ల మీద విసిరితే గానీ తనకు తెలియదట. గుమ్మం పక్కన ఉన్న ఆ పన్నూడిన పిల్ల పెద్దయ్యాక ఏ పని చేస్తుందో తెలియదు గానీ, తన దగ్గరకు వస్తే ఆ రోజే చేర్చుకుంటానన్నాడు. ఉడత అక్కణ్నుంచే, 'మన్నించండి, ఇప్పుడు రాలేను, కానీ రొట్టెలు తినడానికి రాగలను' అంది.

నేను మాత్రం ఊరికే వెనక్కి తగ్గలేదు. ఒక షరతు పెట్టాను. నెలకోసారి కౌంటర్‌లోని సామాను మొత్తం పిల్లలే లెక్కపెట్టి చూసుకోవాలి. మిషన్ లేకుండా, నోటి లెక్కతో, ఎక్కాలు వాడి. సామాను తనిఖీ ఎలా చేస్తారో నేను వెళ్లి చూపిస్తానన్నాను. టీచరమ్మ మొహం విప్పారింది. లెక్కలూ ఇందులోనే కలిసిపోతే తనకు పండగేనంది. హెడ్‌మిస్ట్రెస్‌గారు చేతులెత్తమన్నారు. పని పీరియడ్ ఉండాలన్నవాళ్ల చేతులు లేచాయి. బేకరీ ఆయన రెండు చేతులూ ఎత్తితే ఒకటి దించమన్నారు. ఎత్తనివాళ్లూ కొందరున్నారు, వాళ్లను తప్పుపట్టను. కాదనే హక్కు గురించే కదా ఇంత గొడవ.

నా చెయ్యి కూడా లేచింది. ఇది నీ రికార్డు కోసం రాస్తున్నాను.

ఇప్పుడు చెబుతున్నాను: నీ పీరియడ్ ఉంటుంది. మిగతా బళ్లలో కూడా పెట్టవచ్చని హెడ్‌మిస్ట్రెస్‌గారు మీ ఆఫీసుకు రాస్తున్నారు. నీకన్నా ముందు ఆ కాగితం మీ పైవాళ్ల చేతికి వెళ్తుందేమో, అందుకే ఈ ఉత్తరం ఇవాళే పోస్టు చేస్తున్నాను.

ఇంటికి వస్తుంటే ఉడతతో కోపం తగ్గిందని చెప్పాను. గుర్తుంచుకున్నందుకు సంతోషించింది. నేను పెట్టిన షరతు దానికి కొంచెం బరువే. దారిపొడుగునా ఏడో ఎక్కం చెప్పించాను. ఆగిన చోట నేను అందించలేదు. అది నా చెయ్యి పట్టుకుని నిలబడి, ఆలోచించి, దాటింది. విరిగిన మెట్టు మీద ఒక చెక్క పడినట్టే. గట్టిదో కాదో వచ్చే నెల తనిఖీలో తెలుస్తుంది.

ఇక మన లెక్క. నువ్వన్న మాట తప్పు: పిల్లలు నాకు సామాన్లు కారు. నేనన్న మాటా తప్పు: నీ పని పిల్లల్ని ఆడించడం కాదు. రెండువైపులా సరిపోయింది కనుక రెండూ కొట్టేద్దాం. ఇకమీదట ఫోన్ చేసినప్పుడు నాకు కూడా ఇవ్వమని నీ కూతురితో చెప్పు. గొంతు లేస్తే లేవనీ.

గొడుగు మాత్రం ఇంకా దొరకలేదు. ఉడత ప్రతిరోజూ వెతుకుతూనే ఉంది. మాట ఇచ్చింది కదా.

ఇట్లు,
నీ
అమ్మ

తా.క. సంతకం పెట్టి, కవరు అంటించబోయి ఆగాను. నీతో లెక్క కొట్టేశాక ఆ ఫోటో చూడకుండా ఉండటం ధర్మం కాదనిపించింది. మీ ఆయన్ని పిలిచి, కళ్లజోడు దొరికింది, ఫోటో చూపించండి అన్నాను. ఆయన ఫోన్ తెచ్చేసరికి ఉడత లాక్కుని ముందు తను చూసింది. వేళ్లతో పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది. తర్వాత ఫోన్ మీద అరచెయ్యి అడ్డం పెట్టి, బల్ల వెనక నిలబడ్డట్టే నిలబడి అడిగింది.

'అమ్మమ్మగారూ, ఇంకే నల్లగొడుగులోనూ లేనిది మీ గొడుగులో ఏముందో చెప్పండి.'

'నీలం దారం' అన్నాను.

చెయ్యి తీసేసింది.

మీ కొత్త ఆఫీసు మెట్ల మీద అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. కళ్లు చికిలించేంత ఎండ. నీ ఒక్కదాని చేతిలోనే ముడిచిన గొడుగు ఉంది. పిడి పక్కన, పుల్ల కొసన, నా కుట్టు. మీ ఆయన తల గోక్కుని, 'ఫోటోలో గొడుగు చూశాను అత్తయ్యగారూ, కానీ గొడుగు గొడుగే కదా అనుకున్నాను' అన్నారు. మూతల సంగతి ఆయనకు ఎందుకు పట్టదో ఇప్పుడు అర్థమైంది. ఆయన్ని అనడమెందుకు, ఆ రోజు ముక్కు మీద కళ్లజోడు పెట్టుకుని చూడనన్నది నేనే. ఉడత ఇప్పుడే తన కౌంటర్ చీటీ ఒకటి రాసి నాకిచ్చింది, ఇందులో పెడుతున్నాను: 'దొరికింది. అమ్మ దగ్గర ఉంది.'

అంత ఎండలో నీకు గొడుగెందుకో నేను అడగను. నేను వెనక్కి తిరగకుండా బిందె కడుగుతున్నప్పుడు తలుపు వెనక నుంచి నువ్వు తీసుకున్న చప్పుడు కూడా నాకు వినబడలేదు.

ఇది చదవగానే దాన్ని పార్సిల్ కట్టి పంపుతావు, నాకు తెలుసు. మన్నించు, పార్సిల్‌లో వస్తే తీసుకోలేను. కానీ సెలవు దొరికినప్పుడు నువ్వే చేత్తో పట్టుకొస్తే, గుమ్మం దగ్గర నిలబడి తీసుకోగలను.